మజ్జిగలో చుక్కలు

ఆసుపత్రిలో ఉన్న 19 రోజుల కంటే ఇంటికొచ్చాక గడిచిన నాలుగు నెలలే నాకు కష్టంగా గడిచాయి. ఈ మాటంటే అన్నయ్యకు ఇప్పటికీ కోపం.

నాకు బైపోలార్, అంటే హుషారూ దిగులూ రెండూ హద్దు దాటే జబ్బు. రెండేళ్ల కిందట మూడు రాత్రులు కన్ను మూయకుండా, చీరల షాపు పెడతానంటూ అంబర్‌పేటలో మడిగెల కోసం తిరిగాను. నాలుగో రోజు అన్నయ్య "కోఠీ పోయొద్దాం పద" అని ఆటో ఎక్కించి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో దింపాడు. "ఎర్రగడ్డ కాదులే" అని ఓదార్చాడు కూడా. సర్కారు మానసిక ఆసుపత్రి ఉండేది అక్కడే, ఆ పేరు మా బస్తీలో తిట్టు కిందే లెక్క.

ఇద్దరు డాక్టర్లు విడివిడిగా మాట్లాడారు, అన్నయ్య సంతకం పెట్టాడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 89వ సెక్షన్ కింద అలా 30 రోజుల దాకా ఉంచవచ్చట. ఆడవాళ్లను చేర్చుకుంటే 3 రోజుల్లో రివ్యూ బోర్డుకు, అంటే ఇలాంటి చేరికలను పరిశీలించే బోర్డుకు చెప్పాలి. సొంతంగా నిర్ణయం తీసుకోగలరా అని 7 రోజులకోసారి చూడాలి. ఇవన్నీ లా చదివిన పిన్ని కొడుకు తర్వాత చెప్పాడు. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే: వారం వారం డాక్టరమ్మ కుర్చీ దగ్గరకు లాక్కుని, "ఈ మందులు ఎందుకో నీ మాటల్లో చెప్పమ్మా" అనేది. రెండోసారి చెప్పగలిగాను. ఆ తర్వాత అన్నయ్య సంతకంతో పనిలేకుండా నా ఇష్టం మీదే ఉన్నాను.

ఇంట్లో అలా అడిగేవాళ్లు లేరు. చేతులు వణికి టీ ఒలికిపోతుంటే విసుగొచ్చి మాత్రలు సింకులో ఉమ్మేశాను. అమ్మ చూసింది, ఏమీ అనలేదు. పది రోజులు తిరిగేసరికి రాత్రి అన్నం తినగానే మత్తు. పొద్దున దిండు మీద చొంగ. జీలకర్ర కోసం పోపులపెట్టె తీస్తే దాని వెనకాల చిన్న సీసా, మూతకే డ్రాపరు. రంగూ రుచీ లేని మందు, రాత్రి నా మజ్జిగలో కలుపుతోంది అమ్మ. నన్ను చూడకుండానే ఒక డాక్టరు రాసిచ్చాడట.

"ఏం చెయ్యమంటావే? మళ్లీ రోడ్ల మీద తిరుగుతావా?" అంది అమ్మ. నా దగ్గర జవాబు లేదు. ఆ చుక్కలతోనే నేను నిద్రపోయాను, అదీ నిజమే.

ఇంగ్లండ్‌లో 2008 నుంచి కమ్యూనిటీ ట్రీట్‌మెంట్ ఆర్డర్ ఉంది: షరతులతో ఇంటికి పంపుతారు, అవసరమైతే మళ్లీ ఆసుపత్రికి పిలుస్తారు. అక్కడి పేషెంట్లకు దాని మీద చాలా కోపం. మన చట్టంలో అలాంటి ఆర్డరే లేదు. కానీ ఇంగ్లండ్ ఆర్డరు మీదైతే అప్పీలుకు వెళ్లొచ్చు. మజ్జిగ గ్లాసు మీద ఎవరికి అప్పీలు చేసుకోను?

అమ్మను వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాను. మాత్రలు ఉమ్మేసిన సంగతి నేనే చెప్పాను. ఆమె ముందు అమ్మను కోప్పడింది, తర్వాత నన్ను. చుక్కలు ఆపేసి, నా చేతులు వణికించిన ఆ మాత్ర, లిథియం, డోసు తగ్గించింది. రక్తంలో లిథియం ఎంతుందో చూసే పరీక్ష ఉంటే, ముందు రాత్రి 9కి మాత్ర, పొద్దున 9కి రక్తపరీక్ష. ఆ 12 గంటల లెక్క ఇప్పుడు నా ఫోన్‌లోనే ఉంది.

మళ్లీ అలాంటి రోజొస్తే నా తరఫున ఎవరు మాట్లాడాలో తెల్లకాగితం మీద రాసి సంతకం చేస్తే చాలట. పిన్ని పేరు రాశాను. అన్నయ్య రెండు వారాలు మాట్లాడలేదు.

అమ్మ ఇప్పుడు మజ్జిగ నా ఎదురుగానే చిలికి, ముందు తను ఒక గుక్క తాగి ఇస్తుంది. నేను మాత్రం ఇంకా పెరుగే వేసుకుంటున్నాను.