కోరంగి మడల్లో ఒక ఆటు, ఒక పోటు

మేం వెళ్ళేసరికి కాలువలో నీళ్ళు లేవు. బోట్లు బురదలో ఒక పక్కకి ఒరిగి ఉన్నాయి. బోటు దగ్గరున్న అబ్బాయిని అడిగితే, "ఆటు మీదుందండీ. పోటెక్కాలంటే మూడు దాటుద్దండి" అన్నాడు. అప్పటికి టైం పదిన్నర. రెండు రోజుల నుంచి బోటు గురించే మాట్లాడుతున్న మావాడి మొహం చిన్నబోయింది. నాన్న మాత్రం, "మంచిదే అయింది. ముందు బురద చూద్దాం పదండి" అని మాకన్నా ముందు నడిచారు.

ఆయన పుట్టి పెరిగింది తాళ్లరేవు పక్కన. కాకినాడ నుంచి యానాం రోడ్డు మీద వస్తే, చొల్లంగి దాటాక ఎడమ చేతి వైపు, 20 కిలోమీటర్ల లోపే ఉంటుంది ఈ కోరంగి అడవి. 1978లో అభయారణ్యం చేశారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైనే. గౌతమి పాయ నుంచి చీలిన కోరంగి, గాడేరు ఈ మడల మధ్య నుంచే సముద్రం వైపు పోతాయి. చెక్క బాట మీద తిరిగే మనం చూసేది దాని అంచు మాత్రమే.

ఆ అంచే మాకు మధ్యాహ్నం దాకా సరిపోయింది.

బాట కింద బురదంతా పెన్సిళ్ళు గుచ్చినట్టు వేర్లు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. అవి మడ చెట్టు ఊపిరి వేర్లు. రోజుకి రెండుసార్లు నీళ్ళు ముంచే ఆ బురదలో గాలి ఆడదు. అందుకే చెట్టు వేళ్ళని పైకి పంపి గాలి తీసుకుంటుంది. నాన్న ఒక ఆకు అందుకుని, "నాలిక్కి ఆనించి చూడమ్మాయ్" అన్నారు. ఉప్పగా ఉంది! వేరు నుంచి ఎక్కిన ఉప్పుని మడాకు ఇలా పైకి కక్కేస్తుందట. వాళ్ళ చిన్నప్పుడు గేదెలు ఈ ఆకుని ఎంత ఇష్టంగా మేసేవో చెప్తుంటే ఆయన గొంతులో ఆ వయసే వినిపించింది. ఇంకాస్త ముందుకెళ్ళాక మావాడు మరో చెట్టు మీద చెయ్యి వేయబోతే మాత్రం గట్టిగా ఆపారు. అది తిల్ల. దాని పాలు కంట్లో పడితే చూపు పోతుందని ఇక్కడ చిన్న పిల్లలకి కూడా తెలుసు.

ఉప్పు పొన్న చెట్ల దగ్గర చాలాసేపు నిలబడిపోయాం. కాండం నుంచి వంగి దిగిన వేళ్ళ మీద చెట్టు మొత్తం లేచి నిలబడినట్టుంటుంది. కొమ్మలకి మునక్కాయల్లా ఏవో వేలాడుతుంటే కాయలనుకున్నాను. కాదు, మొలకలు. గింజ చెట్టు మీదుండగానే మొలకెత్తుతుంది. రాలితే బురదలో గుచ్చుకుంటుంది, లేదంటే నీటి మీద తేలుతూ పోయి ఎక్కడో ఒడ్డున పాతుకుంటుంది. బిడ్డని పెంచి గానీ కింద దించని ఈ చెట్టంటే నాకు ఆ రోజు నుంచి ప్రత్యేకమైన ప్రేమ.

మావాడు బోటు సంగతి ఎప్పుడో మర్చిపోయాడు. ఒకటే పెద్ద డెక్క ఉన్న ఎర్ర పీతలు, దాన్ని పైకీ కిందకీ ఊపుతుంటే వాడూ చెయ్యి ఊపుతున్నాడు. రెక్కల మీద పాకుతూ, గెంతుతూ బురద చేపలు. నీళ్ళు లేకుండా చేప ఎలా బతుకుతుందని వాడు తాతయ్యని నాలుగుసార్లు అడిగాడు. ఒళ్ళు తడిగా ఉన్నంతసేపూ చర్మంతో కూడా ఊపిరి తీసుకుంటుందని ఆయన నాలుగుసార్లూ ఓపిగ్గా చెప్పారు.

ఒక మలుపులో నాన్న రెయిలింగ్ మీదుగా వంగి, వేలు చూపించారు. బురదలో గుండ్రటి అడుగులు, వరసగా, కాలువ అంచు దాకా. "బావురు పిల్లి. రాత్రి చేపలకి దిగింది." మామూలు పిల్లికి రెండింతలుండి, నీళ్ళలోకి దూకి చేపని పట్టే పిల్లి అది. పగలు కనిపించడం చాలా అరుదు. ఆ అడుగులు చూస్తుంటే, మేం ఇంట్లో నిద్రపోతున్న వేళ ఇక్కడ ఎంత బతుకు నడుస్తుందో అనిపించి ఒళ్ళు పులకరించింది.

తెచ్చుకున్న పులిహోర తిని కూర్చుంటే మాటలు పాత రోజులకి మళ్ళాయి. కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు, ఓడలు కట్టిన చోటు. 1789లో, 1839లో వచ్చిన తుఫానులు దాన్ని తుడిచిపెట్టాయి. ఇక్కడి నుంచి ఓడెక్కి రంగం, అంటే రంగూన్, పోయిన వాళ్ళు ఎంతమందంటే, బర్మాలో తెలుగువాళ్ళందరికీ కోరంగీలన్న పేరు పడింది. మా ముత్తాత కూడా అలా వెళ్ళినవాడే. 1996 నవంబరు తుఫాను మాత్రం నాన్న కళ్ళారా చూసింది. వేటకెళ్ళిన బంధువులు కొందరు తిరిగి రాలేదు. మడలు అడ్డం లేకపోతే ఇంకెన్ని ఊళ్ళు పోయేవోనని ఆయన అంటుంటే, పొద్దుట్నుంచీ ఆ చెట్లని ఎందుకలా తడిమి చూస్తున్నారో అర్థమైంది.

మూడు దాటాక నీళ్ళు వచ్చాయి. చప్పుడు లేదు. చూస్తుండగానే ఊపిరి వేర్లు మునిగాయి, బోట్లు నిటారుగా లేచాయి. బోటులో వెళ్తుంటే పొద్దున చూసిన అడవేనా ఇది అనిపించింది. బురద వాసన లేదు, పీతల్లేవు. ఆకులు నీటిని తాకుతున్నాయి, లకుముకి పిట్ట నీలంగా మెరిసి మాయమైంది. ఒక పాయ మలుపులో బోటబ్బాయి ఇంజిన్ ఆపేశాడు. నీటికుక్కలు, మూడు! తలలు పైకెత్తి మమ్మల్ని చూసి, ఒకదాని వెనక ఒకటి మునిగిపోయాయి. మావాడు ఊపిరి బిగబట్టుకుని ఉన్నాడు, వాటిని భయపెట్టకూడదని.

కోరంగి వచ్చేవాళ్ళు ముందు ఆటుపోట్లు కనుక్కుని రండి. అమావాస్య, పున్నమిలకి పోటు ఎక్కువ, అష్టమి నవములకి తక్కువ. రెండూ చూడాలంటే రోజంతా ఉండాలి. చాలామంది బోటు ఒక్కటీ ఎక్కి వెళ్ళిపోతుంటారు, నాకు బాధేసింది.

తిరిగొచ్చేటప్పుడు మావాడు ఆ మలుపులో ఆగాడు. కింద అంతా నీళ్ళే.

"పిల్లి అడుగులు పోయాయి తాతయ్యా!"

"రాత్రి ఆటుకి మళ్ళీ వేస్తుందిలేరా" అన్నారు నాన్న, వాడి చెయ్యి పట్టుకుంటూ.