ఎనిమిది రేకుల్లోంచి ఐదు

కాగితం పూలు చేయించాలంటే చాలామంది టీచర్లు ముందురోజే కూర్చుని రేకులన్నీ కత్తిరించి పెట్టుకుంటారు. మర్నాడు పిల్లలు వాటిని అతికిస్తారు. పూలన్నీ ఒకేలా వస్తాయి, గోడ నిండుగా ఉంటుంది. నాకు మాత్రం ఆ పద్ధతి నచ్చదు. మడవడం, కత్తిరించడం మనమే చేసేస్తే పిల్లలకి మిగిలేది గమ్ పూయడమే. వంకరగా వచ్చినా సరే, మొదటి మడత నుంచీ వాళ్ల చేతులతోనే జరగాలి.

మూడో తరగతి పిల్లలతో మొదలుపెట్టేటప్పుడు ముందు అసలు పువ్వునే చేతికిస్తాను. మందారమైతే మంచిది. ముద్దమందారం కాదు, ఒంటిరెక్కది. రేకులు పెద్దవి కాబట్టి చిన్న వేళ్లతో కూడా విప్పుకోవచ్చు. ఎన్ని రేకులు, ఒకదాని అంచు ఇంకోదాని మీదికి ఎలా వచ్చింది, కింద ఆకుపచ్చటి తొడుగు ఎలా ఉంది అని వాళ్లే చూసి చెబుతారు. రేకులు ఐదని లెక్క తేలాకే కాగితం పంచుతాను.

చదరపు కలర్ పేపర్ ఇవ్వాలి, అదీ పలచటిది. చార్ట్ పేపర్ మూడు మడతలయ్యేసరికి కత్తెరకి లొంగదు. సగానికి ఒక మడత, మళ్లీ సగానికి ఇంకొకటి. ఇప్పుడు కాగితం మధ్యభాగం ఏ మూలకి చేరిందో వెతికి అక్కడ పెన్సిల్‌తో చుక్క పెట్టిస్తాను. ఆ చుక్క ఉన్న మూల సన్నటి కొన అయ్యేలా ఐమూలగా మూడో మడత. చుక్కకి ఎదురు వైపు గుండ్రంగా కత్తిరించి విప్పితే పువ్వు. చుక్క వైపు కత్తిరిస్తే ముక్కలే. ఎంత చెప్పినా ఒకరిద్దరి చేతుల్లో ముక్కలవుతూనే ఉంటుంది. వాళ్లు ఏడవక్కర్లేదు, ఆ ముక్కలు తర్వాత పనికొస్తాయి.

"టీచర్, మందారానికి ఐదే కదా, ఇక్కడ ఎనిమిది వచ్చాయేంటి?"

ఈ ప్రశ్న కోసమే నేను ఎదురుచూస్తాను. జవాబు చెప్పను, మళ్లీ మడవమంటాను. సగానికి మడుస్తూ పోతే రెండు, నాలుగు, ఎనిమిది. పట్టుదల ఉన్నవాళ్లు పదహారు దాకా వెళ్తారు. ఐదు మాత్రం ఎక్కడా తగలదు.

అప్పుడు రెండు రేకులు కోసి పక్కన పెట్టమంటాను. ఆరు మిగులుతాయి. కోసిన సందుకి ఇటు ఉన్న రేకుని అటు ఉన్న రేకు మీదికి తెచ్చి అతికిస్తే ఐదు! అంతవరకూ బల్లమీద పరుచుకుని ఉన్న కాగితం ఆ ఒక్క అతుకుతో గిన్నెలా పైకి లేస్తుంది. పిల్లలు దాన్ని తలకిందులు చేసి, లోపలికి తొంగి చూసి, పక్కవాళ్లకి చూపించి రావాల్సిందే. ఆ కాసేపు నేనేమీ మాట్లాడను.

అదే లెక్క మీద గులాబీ కూడా చేయచ్చు. ఒకే సైజువి మూడు పూలు కత్తిరించి, మొదటిదాంట్లో ఒక రేకు, రెండోదాంట్లో రెండు, మూడోదాంట్లో మూడు కోసేయాలి. ఎన్ని ఎక్కువ కోస్తే గిన్నె అంత ఇరుకవుతుంది కాబట్టి ఒకదాంట్లో ఒకటి చక్కగా కూర్చుంటాయి. కోసి తీసిన ముక్కలు కూడా పారేయక్కర్లేదు. మూడు రేకుల ముక్క, రెండు రేకుల ముక్క చుట్టి లోపల పెట్టి, నడుమ ఒంటి రేకుని మొగ్గలా చుట్టి నిలబెడితే గులాబీ పూర్తవుతుంది. రేకుల అంచుల్ని ముందే పెన్సిల్‌కి గట్టిగా చుట్టి వదిలితే వంపు నిలుస్తుంది.

ఎడమచేతి వాటం పిల్లల్ని ముందే గుర్తుపెట్టుకోండి. మామూలు కత్తెర ఎడమచేత్తో పడితే గీత కనపడదు, పట్టు బిగించేకొద్దీ కత్తెర అంచుల మధ్య సందు పెరుగుతుంది, కాగితం తెగకుండా నలుగుతుంది. పిల్లకి చేతకాక కాదు. ఎడమచేతి కత్తెర ఒక్కటి ఉన్నా క్లాసుకి చాలు.

పెద్ద తరగతులవాళ్లు "ఇది చిన్నపిల్లల పని" అంటే మేరీ డెలానీ గురించి చెబుతాను. ఇంగ్లండ్‌లో ఆవిడ 1772లో, 72 ఏళ్ల వయసులో మొదలుపెట్టి, అసలు మొక్కల్ని చూస్తూ, సన్నసన్నటి రంగు కాగితం ముక్కలు నల్లటి కాగితం మీద అతికిస్తూ దాదాపు వెయ్యి పూల బొమ్మలు చేసింది. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ బొమ్మల ఫొటోలు చూపిస్తే పెద్దపిల్లలు కూడా కత్తెర అందుకుంటారు.

పీరియడ్‌లో టైమ్ మిగిలితే ఒక వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పెడతాను. అతికించని పూల రేకుల్ని లోపలికి మడిచి నీళ్ల మీద వదిలితే, కాగితంలోని పీచు నీళ్లు పీల్చుకుని ఉబ్బి, మడతలు వాటంతటవే విచ్చుకుంటాయి. పలచటి కాగితం ముందు, మందంది తర్వాత. మైనం క్రేయాన్‌తో రెండు వైపులా రుద్దిన పువ్వు అన్నిటికంటే ఆలస్యంగా విచ్చుకుంటుంది. అలా ఎందుకైందో రంగు రుద్దినవాళ్లే చెప్పాలని మా క్లాసులో రూల్.