లాక్‌రే దాకా: అమ్మ ఇంటిపేరు వెతుకులాటలో నా అనుభవం

అమ్మ పుట్టింటివాళ్లు సికింద్రాబాద్ ఆంగ్లో ఇండియన్లు. ఇంటిపేరు బర్క్. తాతయ్య రైల్వేలో ఇంజిన్ డ్రైవర్. "మనది ఐర్లండ్‌లో కోటలున్న వంశం" అని ఆయన చెప్పిన మాట మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. పెర్త్‌లో స్థిరపడిన మావయ్య ఆ మాటను ఎంత నమ్మాడంటే, బంగారు రంగు మీద ఎర్ర శిలువ, ఓ మూల నల్ల సింహం ఉన్న డాలు బొమ్మను హాల్లో గోడకు తగిలించుకున్నాడు. డెబ్భై దాటాక అమ్మకు అసలు సంగతి తెలుసుకోవాలనిపించింది. ఆ పని నేను నెత్తికెత్తుకున్నాను.

ఇలాంటి పనిలో దిగేవాళ్లకు ముందుగా చెప్పేది ఇదే: ఎవరో గొప్ప ప్రభువును పట్టుకుని అక్కణ్నుంచి మన దాకా దిగిరావాలని చూడొద్దు. మధ్యలో ఎక్కడో ఓ తరాన్ని కల్పించాల్సి వస్తుంది. చేతిలో ఉన్న కాగితంతో మొదలుపెట్టి ఒక్కో తరం వెనక్కి వెళ్లాలి.

మా దగ్గరున్నది తాతయ్య జ్ఞానస్నానం సర్టిఫికెట్. చర్చికి వెళ్లి ఫాదర్‌ని అడిగితే పాత రిజిస్టర్లే తీయించారు. సర్టిఫికెట్‌లో పేర్లు, తేదీలు తప్ప ఏమీ ఉండవు, రిజిస్టర్ పేజీ వేరు. తాతయ్య తండ్రి పేజీలో ఆయన తండ్రి ఉద్యోగం కూడా రాసి ఉంది: గార్డు, నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది 1874లో. ఆ లైను మీద బతికిన తొలి తరాల్లో మావాళ్లూ ఉన్నారన్నమాట. ఆ పేజీ ఫోటో అమ్మకు చూపిస్తే చాలాసేపు ఫోన్ తిరిగివ్వలేదు.

అంతకు ముందు తరానికి లండన్ రికార్డులు కావాలి. కంపెనీ కాలం నుంచి ఇక్కడి చర్చిల జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు అక్కడికి పంపేవారు. అవి బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డ్స్‌లో ఉన్నాయి, మద్రాసు ప్రెసిడెన్సీవి ఎన్/2 వరసలో. సికింద్రాబాద్ కంటోన్మెంట్ నిజాం రాజ్యంలో ఉన్నా దాని లెక్కలు చూడాల్సింది మద్రాసులోనే. చాలా పేజీలు ఫైండ్‌మైపాస్ట్ వెబ్‌సైట్‌లో డబ్బు కట్టి చూడొచ్చు. బ్రిటిష్ ఇండియా కాలపు కుటుంబాల చరిత్ర వెతికేవాళ్ల కోసం ఉన్న ఫిబిస్ అనే సంస్థ ఇండెక్స్ మాత్రం ఉచితం. కేథలిక్కుల నకళ్లు అన్నీ లండన్ చేరలేదు కాబట్టి అక్కడ పేరు లేదని ఆశ వదులుకోనక్కర్లేదు, ఇక్కడి రిజిస్టర్‌లో దొరకొచ్చు.

ఇంకో మాట, స్పెల్లింగ్ మీద పట్టు పట్టొద్దు. ఒకే మనిషి పేరులో ఒక చోట 'ఓ' అక్షరం చేరింది, మరో చోట చివరి 'ఈ' ఎగిరిపోయింది. రాసింది గుమాస్తా, విన్నట్టు రాశాడు. అన్ని రకాలుగా వెతికితేనే గార్డుగారి తండ్రి పెళ్లి బయటపడింది. వరుడి హోదా: ప్రైవేట్, 1వ మద్రాస్ ఫ్యూసిలియర్స్.

అక్కడ నాకు నిజంగా ఒళ్లు జలదరించింది. అది కంపెనీ సొంత తెల్ల పటాలం. 1862లో బ్రిటిష్ సైన్యంలో కలిసి 102వ రెజిమెంట్ అయింది, 1881లో రాయల్ డబ్లిన్ ఫ్యూసిలియర్స్‌లో మొదటి బెటాలియన్‌గా మారింది. కంపెనీ సిపాయిల డిపో రిజిస్టర్లు కూడా ఇండియా ఆఫీస్ రికార్డుల్లోనే ఎల్/మిల్/9 వరసలో ఉన్నాయి. ఒక్కో రంగరూటుకు ఒక్క వరస. మా పూర్వీకుడి వరస ఇదీ: వయసు పంతొమ్మిది, ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు, బూడిద రంగు కళ్లు, గోధుమ రంగు జుట్టు, వృత్తి కూలి, పుట్టిన ఊరు గాల్వే కౌంటీలోని లాక్‌రే. సంవత్సరం చూస్తే ఐర్లండ్ మహా కరువు అప్పుడప్పుడే ముగుస్తోంది. బంగాళాదుంప పంట కుళ్లిపోయి 1845 నుంచి దాదాపు పది లక్షల మంది చనిపోయిన కరువది. ఆ ప్రాంతపు కుర్రాడు కంపెనీ జీతానికి ఎందుకు ఒప్పుకున్నాడో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

లాక్‌రే పేరు చూడగానే మావయ్య గాల్లో తేలిపోయాడు. కారణం ఉంది. బర్క్‌ల మూలపురుషుడు విలియం డి బర్గ్ 1185 ప్రాంతంలో, ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ కొడుకు జాన్ ఐర్లండ్ వెళ్లిన రోజుల్లో అక్కడ అడుగుపెట్టాడు. నార్ఫోక్ వైపు కుటుంబం అంటారు. మనలో చాలామందికిలాగే బర్గ్ అనే ఊరిపేరే ఇంటిపేరు, అదే తర్వాత బర్క్ అయింది. ఆయన సోదరుడు హ్యూబర్ట్ ఇంగ్లండ్‌లో రాజు తర్వాత రాజంతటివాడు, 1216లో ఫ్రెంచివాళ్ల ముట్టడిలో డోవర్ కోటను నిలబెట్టినవాడు. విలియం కొడుకు రిచర్డ్ 1235లో ఐర్లండ్ పడమటి ప్రాంతమైన కొనాక్ట్‌ను గెలిచి, మరుసటి ఏడే కోట కట్టింది సరిగ్గా లాక్‌రేలోనే. ఎర్ర ఎర్ల్ (ఎర్ల్ అంటే ప్రభువుల బిరుదు) అని పేరుపడ్డ ఇంకో రిచర్డ్ తన కూతురిని రాబర్ట్ బ్రూస్‌కిచ్చి చేశాడు. ఆ బ్రూసే తర్వాత స్కాట్లండ్ రాజయ్యాడు.

నాకు మాత్రం వీళ్ల కథలో అన్నిటికన్నా ముఖ్యం 1333. ఆ ఏడు ఈ వంశపు ఇరవై ఏళ్ల యువ ఎర్ల్‌ను క్యారిక్‌ఫెర్గస్ దగ్గర సొంత మనుషులే చంపారు. వారసురాలు పసిపాప. తల్లి ఆమెను తీసుకుని ఇంగ్లండ్ వెళ్లిపోయింది. ఇంగ్లిష్ చట్టం ప్రకారం ఆస్తంతా ఆ పాపదే. కొనాక్ట్‌లోని దాయాదులు దాన్ని ఒప్పుకోలేదు. గాల్వేలో ఒక శాఖ, మేయోలో ఒక శాఖ భూములు పంచుకుని, మాక్ విలియం అని ఐరిష్ పద్ధతిలో బిరుదులు పెట్టుకున్నారు. భాష ఐరిష్, న్యాయం ఐరిష్, పెళ్లిళ్లూ ఐరిష్ ఇళ్లలోనే. ఇలా కలిసిపోకూడదని 1366లో కిల్‌కెన్నీలో చట్టాలే చేశారు, ఎవరు విన్నారు గనక! గెలవడానికి వచ్చినవాళ్ల పేరు ఈ రెండు వందల ఏళ్లలోనే ఆ మట్టిలో కూలివాడి పేరూ అయ్యే దారి పట్టింది. అందుకే ఈ పేరంటే నాకు గౌరవం. 1543లో గాల్వే శాఖ పెద్ద క్లాన్‌రికార్డ్ ఎర్ల్ అయి మళ్లీ లండన్ దర్బారు లెక్కలోకి వచ్చాడు. మేయో వైపు నుంచి వచ్చినవాడే మన వైస్రాయ్ లార్డ్ మేయో, 1872లో అండమాన్‌లో షేర్ అలీ చేతిలో హతుడయ్యాడు.

ఇక మా కుర్రాడికీ ఈ ప్రభువులకూ మధ్య కాగితం ఉందా? లేదు. 1922 జూన్ 30న, అంతర్యుద్ధంలో, డబ్లిన్‌లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీస్ తగలబడింది. 1821 నుంచి 1851 దాకా జనాభా లెక్కలు కొన్ని ముక్కలు తప్ప బూడిదయ్యాయి. కేథలిక్ చర్చి రిజిస్టర్లు ఆ మంటల్లో లేవు కాబట్టి బతికాయి, 2015 నుంచి ఐర్లండ్ నేషనల్ లైబ్రరీ వాటిని ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. రాత్రుళ్లు కూర్చుని మసకబారిన ఆ పేజీలన్నీ తిరగేశాను. ఆ చుట్టుపక్కల మావాడి పేరే ఉన్న బర్క్ పిల్లలు ఎందరో. డిపో రిజిస్టర్‌లో తల్లిదండ్రుల పేర్లు లేవు, కాబట్టి వాళ్లలో ఎవరు మావాడో తేల్చే మార్గం లేదు.

నెట్‌లో వంశవృక్షాలు కావలసినన్ని ఉన్నాయి. ఒకదానికి మా శాఖ తగిలిస్తే ఒక్క క్లిక్‌తో క్లాన్‌రికార్డ్ ఎర్ల్‌ల దగ్గరికి, అక్కణ్నుంచి ఇంగ్లండ్‌ను జయించిన రాజు 'విజేత' విలియం తమ్ముడి దాకా వెళ్లిపోవచ్చు. ఆ చివరి లంకెను చరిత్రకారులే ఒప్పుకోవడం లేదు. విలియం డి బర్గ్ తండ్రి ఎవరో కూడా రుజువు కాలేదు. డాలు బొమ్మ విషయమూ అంతే, అది ఒక మనిషికి, అతని వారసులకు ఇచ్చే చిహ్నం. ఇంటిపేరు కలిసిన అందరికీ చెందదు. అందుకని అమ్మకు వేసిచ్చిన వంశవృక్షంలో పై గడిలో లాక్‌రే కూలివాడినే పెట్టాను, ఆ పైన ఏమీ రాయలేదు.

అమ్మకు నచ్చింది. "కోట సంగతేంటి?" అని మావయ్య ఫోన్ చేసి పట్టుబట్టాడు. వై-డిఎన్‌ఏ తండ్రి నుంచి కొడుక్కే వస్తుంది, మా ఇంట్లో ఆ శాంపిల్ ఇవ్వగలిగింది ఆయనే, టెస్ట్ చేయించుకోమన్నాను. అది ఎర్ల్ పదవి తెచ్చిపెట్టదు. గాల్వేలో ఇప్పుడున్న బర్క్‌లలో మాకు దగ్గరివాళ్లెవరో మాత్రం తెలిసే అవకాశం ఉంది. కిట్ ఆర్డర్ పెట్టానని నిన్న మెసేజ్ చేశాడు.