క్రియాటినిన్ బాగుంటే చాలనుకున్నాం

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి దగ్గర పల్లె. మా వైపు నడుం పట్టేసినా, కాళ్లు వాచినా, అన్నం సయించకపోయినా ముందు చేయించేది కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్షే. కారణం ఇదీ అని ఎవరూ తేల్చని కిడ్నీ జబ్బు మా చిన్నాన్నని, ఎదురింటి అన్నదమ్ములిద్దరినీ తీసుకుపోయింది. అందుకే 2022లో నాకు కుడి డొక్కలో బరువుగా అనిపించడం మొదలయ్యేసరికి ఇంట్లో అందరి గుండెల్లో రాయి పడింది.

క్రియాటినిన్ 0.9 వచ్చింది, అంటే మామూలే. మా అమ్మ ఫోన్లోనే ఏడ్చేసింది. అరసవల్లి సూర్యనారాయణస్వామికి మొక్కుకుందట.

అదే రోజు తీసిన స్కానింగ్ కాగితం మీద ‘గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్’ అని ఉంది, అంటే లివర్‌లో ఓ మోస్తరుగా కొవ్వు పేరుకుందని. “అందరికీ ఉండేదే, నూనె తగ్గించండి” అన్నారు డాక్టరు తలెత్తకుండా. నేనూ తలూపి వచ్చేశాను. ఫైలు బీరువా మీదకెక్కింది. ఏడాదిన్నర దాని జోలికి పోలేదు.

నేను శ్రీకాకుళంలో ఇంటర్ పిల్లలకి బోటనీ చెబుతాను. కాలేజీకీ ట్యూషన్‌కీ మధ్య బజ్జీలు, రెండు చెంచాల పంచదార టీ. రాత్రి పదిన్నరకి ఇంటికొచ్చి కంచం నిండా అన్నం. మద్యం ఎప్పుడూ ముట్టలేదు. అయినా ఫ్యాటీ లివర్ అనగానే స్టాఫ్ రూంలో ఒకరు “మాస్టారు చాటుగా కానిస్తున్నారు” అన్నారు. నవ్వేశాను గానీ, మా బావమరిది అదే మాట నవ్వకుండా అడిగినప్పుడు మాత్రం రెండు రోజులు అన్నం సహించలేదు.

2024 మొదట్లో బోర్డు మీద సగం బొమ్మ గీసేసరికి నీరసం వచ్చి కుర్చీ లాక్కునేవాణ్ణి. లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ, ఉండాల్సినదానికి బాగా ఎక్కువగా 112 ఉంది. విశాఖ వెళ్లాను. అక్కడి డాక్టరమ్మ స్కానింగ్ తెర నా వైపు తిప్పి, “ఇది మీ కిడ్నీ, పక్కన లివర్. రెండూ ఇంచుమించు ఒకే రంగులో ఉండాలి” అన్నారు. లివర్ తెల్లగా, పాలు కలిపినట్టుంది. మేం అంత భయపడ్డ కిడ్నీ బాగుండబట్టే లివర్ తెలుపు అంత స్పష్టంగా కనపడింది. తర్వాత లివర్ ఎంత బిరుసెక్కిందో కొలిచే ఫైబ్రోస్కాన్. పక్కటెముకల సందులో ఎవరో వేలితో టక్కు టక్కుమని కొట్టినట్టు పది దెబ్బలు. 9.1 కిలోపాస్కల్స్. లివర్‌లో మచ్చ కట్టడం మొదలైనట్టుంది అన్నారు.

ఏం పని చేస్తారని అడిగి, బోటనీ అనగానే “అంతర్జీవద్రవ్య జాలం గీస్తారు కదా, గొడవంతా అక్కడే” అన్నారు. ఇంగ్లీషులో ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్, కణంలో కేంద్రకం పక్కన మడతలు మడతలుగా ఏళ్ల తరబడి గీసిన బొమ్మ! కణం బయటికి పంపే ప్రోటీన్లు సరైన మడత పడేది అక్కడే. అన్నం, పంచదార మోతాదు మించితే లివర్ వాటినే కొవ్వుగా మార్చుకుంటుంది కాబట్టి నూనె ఒక్కటే దోషి కాదు. కణంలో పామిటిక్ ఆమ్లం లాంటి సంతృప్త కొవ్వు పేరుకుంటే ఆ జాలం పొరలే బిరుసెక్కుతాయి. మడతలు తప్పిన ప్రోటీన్లు గుట్ట పడతాయి. జాలం మీద ఒత్తిడి అంటే ఇదే. అప్పుడు కణం కొత్త తయారీ తగ్గించి, మడత సరిచేసే సహాయక ప్రోటీన్లను పెంచి, చెడిపోయినవాటిని విరగ్గొట్టిస్తుంది. కొన్నాళ్లయితే ఇది రక్షణే. ఏళ్ల తరబడి సాగితే ఆ రక్షణే కణాన్ని చావు వైపు నెడుతుంది. ఇంకోపక్క మోయలేనంత కొవ్వు కాల్చే మైటోకాండ్రియాల నుంచి కణాన్ని దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ పొగలా వస్తాయి. చచ్చిన కణాల చుట్టూ వాపు, వాపు వెనక మచ్చ. పైగా ఒత్తిడిలో ఉన్న జాలం ఇంకా కొవ్వు తయారుచేయిస్తుంది.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే మా ఆవిడ “టెన్షన్ పడొద్దంటే వింటారా” అంది. ఇది ఆ టెన్షన్ కాదని విడమరిచాను. “పదిన్నరకి పని ముగించుకున్నవాడి నెత్తిన మళ్లీ గంపెడు పని పెడితే వాడికీ టెన్షనే కదండీ” అంది. క్లాసులో నేనెప్పుడూ అంత బాగా చెప్పలేదు.

బరువులో 7 నుంచి 10 శాతం తగ్గమన్నారు. నావి 82 కిలోలు. రాత్రి భోజనం ఎనిమిదింటికి, అన్నం కొలిచిన ఒక్క కప్పు. పొద్దున్న చోడి (రాగి) అంబలి. ఏడు రోడ్ల కూడలి నుంచి అరసవల్లి దాకా నడక. మొదటి రెండు నెలలు కాటా ముల్లు కదల్లేదు. బజ్జీల బండి ముందు నుంచి వెళ్లడం కష్టమై రోడ్డుకి అటు పక్క నడిచేవాణ్ణి. ఏడాదికి 74కి వచ్చాను. ఎస్‌జీపీటీ 34, ఫైబ్రోస్కాన్ 6.2.

మొన్న సంక్రాంతికి ఊరెళితే మా పెద్దత్త ఎగాదిగా చూసి “ఏట్రా, ఇలా చిక్కిపోనావు? క్రియాటినిన్ ఎంతుంది?” అని అడిగింది.

“0.9 అత్తా.”

“అయితే ఏటీ లేదు, తినీ” అని చేతిలో రెండు అరిసెలు పెట్టింది. ఒకటి మా అబ్బాయి జేబులోకి వెళ్లింది.