రక్తంలో ఇంకా కనపడని దశ

ల్యాబ్‌లో పని చేస్తాను కాబట్టి తెలిసిన ఆడవాళ్లందరూ నన్ను అడిగేది ఒకటే. "సర్వైకల్ క్యాన్సర్‌కి (గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్) రక్త పరీక్ష ఉంటే చెప్పు, చేయించుకుంటాను. ముఖద్వారం నుంచి శాంపిల్ తీసే ఆ లోపలి పరీక్ష మాత్రం నా వల్ల కాదు." ఆ బిడియం, నొప్పి పుడుతుందేమోనన్న టెన్షన్ నాకు అర్థమవుతాయి. అందుకే ఓపిగ్గా చెబుతాను.

రక్త పరీక్ష లేకపోలేదు. ఎస్‌సీసీ యాంటిజెన్ అని, 1977 నుంచీ తెలిసిన ప్రొటీన్ ఒకటి ఉంది. కణితి బాగా పెరిగాక, లింఫ్ గ్రంథులకు పాకాక అది రక్తంలో ఎక్కువవుతుంది. తొలి దశలో మాత్రం చాలామందికి నార్మల్‌గానే వస్తుంది. సోరియాసిస్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు క్యాన్సర్ లేకపోయినా పెరగొచ్చు. శాంపిల్‌లో కాస్త లాలాజలం పడినా అంకె పైకి పోతుంది, అందుకే ఈ పరీక్ష దగ్గర మేం మరింత జాగ్రత్తగా ఉంటాం.

అసలు సంగతి ఈ క్యాన్సర్‌ను తెచ్చే వైరస్ నడిచే తీరులో ఉంది. ఈ క్యాన్సర్ దాదాపు ప్రతిసారీ హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) వల్లే వస్తుంది, అందులో 16, 18 రకాలవే సుమారు 70 శాతం. ఆ వైరస్ రక్తంలో తిరగదు. గర్భాశయ ముఖద్వారం పైపొర కణాల్లోనే ఉండిపోతుంది. క్యాన్సర్‌గా మారకముందు వచ్చే మార్పులు కూడా ఆ పొరలోనే ఉంటాయి, ఆ పొరలో రక్తనాళాలే లేవు. కింది పొరను చీల్చుకుని లోపలికి దిగితే అది అప్పటికే క్యాన్సర్. ముందు దశను రక్తంలో వెతకడమంటే గుమ్మం దాటని మనిషి కోసం బజారంతా గాలించడమే.

కొత్త పరీక్షల మీద నాకు నిజంగా ఆశ ఉంది. కణితి నుంచి రక్తంలోకి రాలే హెచ్‌పీవీ డీఎన్‌ఏ తునకల్ని డిజిటల్ పీసీఆర్‌తో, అంటే చాలా కొద్ది డీఎన్‌ఏను కూడా లెక్కపెట్టే పద్ధతితో, పట్టుకోవచ్చు. ముదిరిన జబ్బులో అవి బాగా దొరుకుతాయి, చికిత్స అయ్యాక కూడా కనిపిస్తుంటే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. వాటి విలువ అక్కడ. మైక్రో ఆర్‌ఎన్‌ఏల (జన్యువుల పనిని అదుపు చేసే చిన్న అణువులు) విషయంలో ఒక్కో అధ్యయనం ఒక్కో జాబితా ఇస్తోంది. ఎక్కువగా వినపడే మిఆర్-21 ఎన్నో ఇతర క్యాన్సర్లలోనూ పెరుగుతుంది.

నన్ను బాధపెట్టేది హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో "క్యాన్సర్ మార్కర్స్" అన్న వరుస. ప్రధానంగా వేరే క్యాన్సర్లకు చూసే సీఈఏ, సీఏ-125 అనే ప్రొటీన్లు నార్మల్ అని చూసుకుని, ఇక అన్నీ బాగున్నాయని స్క్రీనింగ్ మానేసేవాళ్లున్నారు. ఇన్ఫెక్షన్ నుంచి క్యాన్సర్ దాకా మామూలుగా 15-20 ఏళ్లు పడుతుంది. అంత గడువు ఇచ్చే క్యాన్సర్లు తక్కువ. ఆ కాలమంతా సమాచారం ఉండేది ముఖద్వారం కణాల్లోనే.

బిడియపడేవాళ్లకు నేను చెప్పేది హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష. ప్రపంచ ఆరోగ్య సంస్థ 30 ఏళ్ల నుంచి, 5-10 ఏళ్లకోసారి చేయించుకోమంటోంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు 25 నుంచే, 3-5 ఏళ్లకోసారి. దీనికి శాంపిల్ ఎవరికి వాళ్లే తీసుకోవచ్చు: చిన్న స్వాబ్‌ను యోనిలో తిప్పి ఇస్తే చాలు, పీసీఆర్ పద్ధతిలో ఫలితం డాక్టర్ తీసినదానికి దగ్గరగానే ఉంటుంది. పాజిటివ్ వస్తే క్యాన్సర్ అని కాదు. చాలా ఇన్ఫెక్షన్లు ఒకటి రెండేళ్లలో వాటంతటవే పోతాయి. కాకపోతే అప్పుడు లోపలి పరీక్ష తప్పదు.

కలయిక తర్వాత రక్తస్రావం, నెలసరి ఆగిపోయాక మళ్లీ రక్తం కనపడటం, ఆగని దుర్వాసన స్రావం ఉన్నవాళ్లకు మాత్రం స్వాబ్ కూడా చెప్పను. వాళ్లు నేరుగా గైనకాలజిస్ట్ దగ్గరికే వెళ్లాలి.