1967 బీటిల్ ఇంజనుకు మళ్లీ దాని అసలు విడిభాగాలు: నా అనుభవం

సియాటిల్ పక్కన మేముండే ఊళ్లో అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా చలి, చెమ్మ, ముసురు. నా 1967 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ పొద్దున్నే స్టార్ట్ అయ్యేది కానీ, కాస్త దూరం వెళ్లేసరికి ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయేది. సిగ్నల్ దగ్గర ఆగాలంటే టెన్షన్. ఇంజను మూత తెరిస్తే కార్బురేటర్ (పెట్రోలూ గాలీ కలిపే భాగం) కింద, ఆ మిశ్రమాన్ని సిలిండర్లకు చేర్చే మానిఫోల్డ్ గొట్టం మీద తెల్లగా మంచు పట్టి ఉండేది.

ఇంజను అసలుదే, 1500 సీసీ. నాకు ముందు వాడినవాళ్లు దాని చుట్టూ ఉన్న సామానంతా మార్చేశారు. మెరిసే క్రోమ్ ఫ్యాన్ హౌసింగ్ (ఫ్యాన్ చుట్టూ ఉండే రేకు తొడుగు) పెట్టి, ఇంజను వేడిని బట్టి గాలిని అదుపు చేసే థర్మోస్టాట్ తీసేశారు. ఆయిల్‌తో గాలిలోని దుమ్ము పట్టే ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ ఉండాల్సిన చోట చిన్న గుండ్రటి ఫిల్టరు ఉంది. సిలిండర్ల కింద రేకులు కొన్ని లేనే లేవు. చూడ్డానికి బాగుంది, కానీ ఆ ఇంజను కోసం తయారైన ఏర్పాటు మాత్రం చెదిరిపోయింది. ఇంకో కొత్త కార్బురేటర్ కొని ఊరుకోకుండా, ఒక్కొక్కటిగా అసలు భాగాలే వెతికి, బాగుచేసి ఎక్కించాలని నిర్ణయించుకున్నాను.

వీడియో కాల్‌లో చూపిస్తే నాన్న అడిగారు: "ఒరేయ్, బుల్లెట్‌కైతే ఎదురుగాలి తగులుతుంది. దీనికి ఇంజను వెనకాల పెట్టారు, రేడియేటరూ లేదు. మరి చల్లబడేదెట్లా?" ఏళ్ల తరబడి బుల్లెట్ నడిపిన మనిషి కాబట్టి సరిగ్గా అసలు విషయమే పట్టుకున్నారు. డైనమో ఇరుసుకే ఫ్యాన్ ఉంటుంది. అది గాలిని లాగి హౌసింగ్ లోంచి సిలిండర్ల మీదికి తోస్తుంది. సిలిండర్ల కిందుండే చిన్న రేకులు ఆ గాలిని సిలిండర్లకున్న చల్లబరిచే రెక్కల చుట్టూ తిప్పుతాయి. ఇంజను చుట్టూ ఉండే రబ్బరు పట్టీ కింది వేడిగాలిని పైకి రానివ్వదు. ఒక్క రేకు లేకపోయినా గాలి దొరికిన సందులోంచి పోతుంది. ఈ మోడల్‌లో ఆయిల్ కూలర్ హౌసింగ్ లోపలే, మూడో సిలిండర్ పైన ఉంటుంది. దాన్ని దాటి వచ్చే గాలి అప్పటికే వేడెక్కి ఉంటుంది. అందుకే మూడో సిలిండర్ వాల్వులంటే బీటిల్ వాళ్లందరికీ భయం.

పాత కార్ల సామాను సంతల్లో తిరిగి రేకులు, ఫ్యాన్ హౌసింగ్ సంపాదించాను. పాత జర్మన్ రేకు మందంగా ఉంటుంది, బోల్టు రంధ్రాలు సరిగ్గా కూర్చుంటాయి. వాషింగ్ సోడా నీళ్లలో బ్యాటరీ చార్జర్ తగిలించి తుప్పు వదలగొట్టి, నల్ల రంగు వేశాను.

థర్మోస్టాట్ కూడా పాతదే దొరికింది. వేలంత పొడవుండే ఇత్తడి తిత్తి అది. పొయ్యి మీద గిన్నెలో నీళ్లు పెట్టి, అందులో వేసి పరీక్షించాను. 65 నుంచి 70 డిగ్రీల మధ్య అది సాగి కనీసం 46 మిల్లీమీటర్లు అవ్వాలి. అయింది! ఇంజను చల్లగా ఉన్నంతసేపు ఇది హౌసింగ్ లోపల గాలిని ఆపే తలుపుల్లాంటి రెక్కలను మూసి ఉంచుతుంది, వేడెక్కాక తెరుచుకోనిస్తుంది. "వేడి ఊళ్లో థర్మోస్టాట్ ఎందుకు, పీకెయ్" అనే సలహా చాలామంది ఇస్తారు. నేను ఒప్పుకోను. ఆ తిత్తికి చిల్లు పడినా అది సాగిపోయి రెక్కలు తెరుచుకునేలాగే చేశారు. అంత ఆలోచించి పెట్టిన వస్తువును పీకడమెందుకు?

అన్నిటికంటే విసిగించింది హీట్ రైజర్. మానిఫోల్డ్‌కి అతుక్కుని ఒక సన్న గొట్టం ఉంటుంది. సైలెన్సర్ పొగ అందులోంచి పోతూ కార్బురేటర్ అడుగును వెచ్చబెడుతుంది. నా దాంట్లో మసి గట్టిపడి రాయిలా కూర్చుంది. మంచు పట్టడానికి అసలు కారణం ఇదే. కాస్టిక్ సోడా పోస్తే మసి కరగొచ్చు కానీ మధ్యలో ఉన్న అల్యూమినియంని తినేస్తుంది. అందుకే స్టీలు తీగల తాడు కొస విప్పి, డ్రిల్లుకి బిగించి, రెండు వైపుల నుంచీ కొంచెం కొంచెంగా తొలిచాను. సాయంత్రాలన్నీ దీనికే పోయాయి. చివరికి ఒకవైపు గాలి కొడితే రెండోవైపు నుంచి నల్లటి పొడి ఎగిరిపడింది. ఆ రోజు నా ఆనందం చూసి మా ఆవిడ ఏమైందోనని గ్యారేజీలోకి పరిగెత్తుకొచ్చింది.

సోలెక్స్ కంపెనీ కార్బురేటర్‌లో థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే పలక) ఇరుసు అరిగి ఊగుతోంది, ఆ సందులోంచి గాలి లాగుతోంది. దాన్ని మాత్రం మెషిన్ షాపుకిచ్చి కంచు బుష్షులు వేయించాను. ప్లగ్గులకు నిప్పురవ్వ పంచే డిస్ట్రిబ్యూటర్ మళ్లీ వాక్యూమ్‌దే, అంటే ఇంజను పీల్పును బట్టి రవ్వ వేళను సర్దుకునేదే పెట్టాను. గొట్టం నోట్లో పెట్టుకుని పీలిస్తే లోపలి పళ్లెం కదిలి అలాగే నిలబడాలి, లోపలి పల్చటి పొర (డయాఫ్రం) బాగున్నట్టు గుర్తు అదే. డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటు తెంపే పాయింట్ల సందు 0.4 మిల్లీమీటర్లు, చల్లటి ఇంజను మీద వాల్వుల సందు 0.15. ఇంజన్ ఆయిల్ రెండున్నర లీటర్లే పడుతుంది, ఫిల్టర్ లేదు, జల్లెడ ఒక్కటే. కాబట్టి ఆయిల్ మార్చడంలో బద్ధకం పనికిరాదు.

ఒక్క చోట అసలుది వద్దనుకున్నాను: పెట్రోలు గొట్టాలు. గుడ్డ అల్లిన పాత రకం గొట్టం ముచ్చటగా ఉంటుంది కానీ ఇప్పటి ఇథనాల్ పెట్రోలుకి పగుళ్లిస్తుంది, పగుళ్లు పైకి కనపడవు కూడా. ఇంజను మీద పెట్రోలు కారితే కారే మిగలదు. ఇథనాల్‌ని తట్టుకునే గొట్టాలు వేసి, క్లిప్పులు బిగించాను. ఈ విషయంలో ఎవరు నవ్వినా పట్టించుకోకండి.

ఇప్పుడు ముసురు పట్టిన పొద్దున కూడా ఆగకుండా నడుస్తోంది. స్టార్ట్ చేసిన కాసేపటికి హీట్ రైజర్ రెండు కొసలూ వేడెక్కుతున్నాయి, మంచు జాడ లేదు. కారు లోపలికి వెచ్చదనం ఇచ్చే హీటర్ బాక్సులు మాత్రం ఇంకా చౌక రకానివే, వాటి లోపల రెక్కలు సరిగా లేవు. పాత జర్మన్ జత ఒకటి చూసి పెట్టుకున్నాను, ధర కుదిరితే వేసవిలో అవి ఎక్కించాలి.