ఎండెక్కాక ఈత

ఈత నాకు ఎవరూ నేర్పలేదు. భీమవరం పక్క పల్లెలో పుట్టినవాడికి కాలవే నేర్పుతుంది. ఉద్యోగానికి టాంజానియాలోని మ్వాంజాకి వెళ్ళిన మొదటి వారమే విక్టోరియా సరస్సులో దూకేశానంటే అందులో ధైర్యమేమీ లేదు, అలవాటు. నా పని కూడా నీళ్ళ మీదే. సరస్సులో ఇనప చట్రాలకి వలలు కట్టి చేపలు పెంచుతారు. పెంచేది మన జిలేబీ చేపలే, అక్కడ సాటో అంటారు. పొద్దున్నే పడవ మీద వెళ్ళి మేత వేయించి, పదకొండు దాటి ఒళ్ళు మాడిపోతుంటే ఒడ్డున తుంగ పక్కన దిగి అరగంట ఈదేవాణ్ణి. రోజు మొత్తంలో ఆ నీళ్ళలో అసలు దిగకూడని సమయం అదేనట. ఎండెక్కేకొద్దీ నత్తల్లోంచి పురుగు పిల్లలు బయటికొస్తాయి. కంటికి కనపడవు, చర్మాన్ని తొలుచుకుని నిమిషాల్లో లోపలికి వెళ్ళిపోతాయి.

ఒకట్రెండు సార్లు సాయంత్రం కాళ్ళు దురద పెట్టాయి. గడ్డి గీసుకుందేమో అనుకున్నాను.

2023 సంక్రాంతికి ఇంటికొచ్చాను. భోగి నాటికే జ్వరం. పగలు బాగానే ఉంటుంది, సాయంత్రమయ్యేసరికి వణుకు. రాత్రిళ్ళు పొడిదగ్గు, పొట్టలో మెలిపెట్టినట్టు నొప్పి, వీపంతా దద్దుర్లు. "ఏంట్రా అలా చిక్కిపోయావు, అక్కడ ఏం తింటున్నావసలు?" అని అమ్మ గొడవ. ఆఫ్రికా నుంచి వచ్చానని చెప్పగానే డాక్టరు గారు మలేరియా పరీక్ష రాశారు. లేదని తేలింది. తర్వాత విడాల్ టెస్టు. అది చూసి టైఫాయిడ్ అన్నారు, వారం రోజులు ఇంజెక్షన్లు పొడిచారు. జ్వరం కదల్లేదు. అరిసెలూ కోడిపందాలూ అన్నీ మంచం మీంచే.

రెండో డాక్టరు రక్తం రిపోర్టులో ఒక అంకె దగ్గర ఆగారు. ఇస్నోఫిల్స్ అనే తెల్లకణాలు నూటికి 42. మామూలుగా అయిదారుకి మించకూడదు. "ఇది ఇస్నోఫీలియా అండి, ఫైలేరియా పురుగు వల్ల" అని హెట్రజాన్ మూడు వారాలు వాడమన్నారు. ఆయన్ని తప్పు పట్టలేను. మా గోదావరి జిల్లాల్లో రాత్రిళ్ళు దగ్గుతూ, ఇస్నోఫిల్స్ పెరిగి వచ్చినవాడికి ఆ అనుమానం రావడమే సరైనది. మా మామ్మకి బోదకాలు. ఎడమ కాలు ఏనుగు కాలంత ఉండేది. పెళ్ళిళ్ళకి వెళ్ళేది కాదు.

నెలాఖరుకి జ్వరం పోయింది. మందు పనిచేసిందని అందరం సంతోషించాం. నిజానికి ఆ మందుకీ నాలో ఉన్న పురుగుకీ సంబంధమే లేదు. ఒంట్లోకి కొత్తగా చేరిన పురుగు మీద శరీరం చేసే మొదటి గొడవ ఆ జ్వరం. కొన్ని వారాలకి దానంతటదే చల్లారుతుంది. పురుగులు మాత్రం జతలు జతలుగా పేగుల చుట్టూ ఉన్న రక్తనాళాల్లో కాపురం పెట్టేస్తాయి. ఆడదాన్ని మగది తన ఒంట్లోని గాడిలో పొదువుకుని ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది.

మళ్ళీ మ్వాంజా వెళ్ళాను. ఏప్రిల్లో దొడ్డికి వెళ్తే రక్తం పడింది. మొలలే అనుకున్నాను. వీడియో కాల్లో అమ్మ కూడా తేల్చేసింది: "కారం తగ్గించి మజ్జిగ తాగరా". తాగాను. రక్తం ఆగలేదు. మధ్యాహ్నమయ్యేసరికి పడవ ఎక్కే ఓపిక ఉండేది కాదు.

ఒకరోజు మేత బస్తా ఎత్తబోయి కూలబడితే, మా దగ్గర పనిచేసే కుర్రాడు చేపల రేవు పక్కనున్న చిన్న క్లినిక్‌కి తీసుకెళ్ళాడు. అక్కడ ల్యాబ్ చూసేది ఒక పెద్దావిడ. ఆ దేశంలో పెద్ద వయసు ఆడవాళ్ళని "మామా" అంటారు. నాకు ప్రతిసారీ మామ్మ గుర్తొచ్చేది. ఇండియా నుంచి తెచ్చిన రిపోర్టుల ఫైలు ముందు పెట్టాను. తెరవలేదు. ఒక్కటే అడిగింది: "ఉనాఓగా జివాని?" సరస్సులో స్నానం చేస్తావా అని. అవునన్నాను. చేతిలో చిన్న డబ్బా పెట్టి మరుగుదొడ్డి వైపు వేలు చూపించింది.

పరీక్ష చూస్తే ఇంత సులువా అనిపించింది. మలాన్ని సన్న జల్లెడలోంచి నొక్కి, చిల్లున్న అచ్చులో నింపి గాజు పలక మీద పెడుతుంది. సరిగ్గా 41.7 మిల్లీగ్రాములు. పైన గ్లిజరిన్లో నానిన సెలోఫేన్ ముక్క. సూక్ష్మదర్శినిలో నన్నే చూడమంది. కోలగా, పసుపుపచ్చగా ఒక గుడ్డు, పక్కన గులాబీ ముల్లులాంటిది ఒకటి పొడుచుకొచ్చి ఉంది. "కిచోచో" అంది, ఈ జబ్బుకి వాళ్ళ భాషలో పేరు. మనిషిని పాడుచేసేది పురుగు కాదట, ఈ గుడ్లేనట. ఆడ పురుగు రోజుకి వందల్లో పెడుతుంది. కొన్ని పేగు గోడ చీల్చుకుని బయటికొస్తాయి, ఆ రక్తం అదే. మిగతావి లివర్లో ఇరుక్కుని ఏళ్ళ మీద దాన్ని గట్టిపరుస్తాయి. నా పలక మీద తొమ్మిది గుడ్లు లెక్కపెట్టి 24తో హెచ్చవేసింది. గ్రాముకి 216. వంద లోపు తక్కువ, నాలుగు వందలు దాటితే ఎక్కువ. "నువ్వు మధ్యరకం" అంది, బస్సు టిక్కెట్టు ఇచ్చినట్టు.

1851లో కైరోలో బిల్హార్జ్ అనే జర్మన్ డాక్టరు శవపరీక్షలో ఈ జాతి పురుగుని మొదట పట్టుకున్నాడు. అందుకే బిల్హార్జియా అన్న పేరు. మన దగ్గర ఈ జబ్బు దాదాపు లేదు. డాక్టర్లు పుస్తకంలో చదివి ఉంటారు, మనిషిలో చూసి ఉండరు. అయినా ఒక మాట అనక తప్పదు. నా ఊరి డాక్టర్లు ఇద్దరూ ఏ దేశం నుంచి వచ్చావని అడిగారు, అక్కడ ఏ నీళ్ళలో దిగావని అడగలేదు.

మందు ప్రాజిక్వాంటెల్. కిలోకి 40 మిల్లీగ్రాములు. నేను 75 కిలోలు, అంటే 600 మిల్లీగ్రాముల బిళ్ళలు అయిదు. ఒక్కోటి చిక్కుడు గింజంత, నాలుక మీద కరిగితే వేపాకు నయం. ముందు కడుపు నిండా తినమంది. ఉగాలీ అనే మొక్కజొన్న ముద్ద, బీన్స్ తిని వేసుకున్నాను. గంటలో తల తిరిగింది, రెండుసార్లు వాంతి, సాయంత్రం దాకా కడుపు చుట్టుకుపోయింది. మర్నాటికి తేరుకున్నాను. మందు ఎదిగిన పురుగుల్నే చంపుతుంది, కూనల్ని చంపలేదు. అందుకే రెండు నెలలు నీళ్ళలో కాలు పెట్టకుండా ఉండి మళ్ళీ అయిదు బిళ్ళలు మింగాను. మూడు రోజులు వరసగా పరీక్ష చేయించుకుంటే గుడ్లు కనపడలేదు. స్కానింగ్‌లో లివరు బాగానే ఉంది. స్నానానికి రెండు రోజులు నిలవ ఉంచిన నీళ్ళు. ఆపాటికి ఆ పురుగు పిల్లలు చచ్చిపోతాయి.

ఆ రెండు నెలల్లో పడవ ఎక్కలేక క్లినిక్ వరండాలో కూర్చుని ఆవిడ చేత కబుర్లు చెప్పించుకునేవాణ్ణి. ఈ జబ్బు మీద స్కోర్ అని ఒక పెద్ద పరిశోధన జరిగింది. ఆఫ్రికాలో అయిదు దేశాలు, అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయం నిర్వహణ. మ్వాంజా వైపు 150 ఊళ్ళు ఎంచుకున్నారు. కొన్ని ఊళ్ళలో బడి పిల్లలకే మందు, కొన్నిట్లో ఊరందరికీ. కొన్నిచోట్ల ఏటేటా, కొన్నిచోట్ల మధ్యలో విరామం. ఆవిడ ఆ రోజుల్లో బడుల చుట్టూ డబ్బాలు మోసింది. పొడుగు కర్ర మీద గీతలుంటాయి, పిల్లవాణ్ణి దాని పక్కన నిలబెట్టి ఎత్తుని బట్టి ఎన్ని బిళ్ళలో చూస్తారు. తూకం మిషన్లు ఎక్కడ మోస్తారు మరి!

జబ్బు తగ్గింది. కానీ కొన్ని ఊళ్ళు మొండికేశాయి. అందరిలాగే మందు మింగినా అక్కడ జబ్బు దిగలేదు. ఇంగ్లీషులో వాటిని హాట్‌స్పాట్లు అన్నారు. ఆవిడ లెక్క వేరే. "జనాలు మందు మింగి మళ్ళీ ఎక్కడికి పోతారు? నీళ్ళలోకే." జాంజిబార్ దీవుల్లో చిన్న వాగులూ గుంటలూ కాబట్టి బిళ్ళలతో పాటు నత్తల్ని చంపే మందు కూడా కొట్టగలిగారు. విక్టోరియా సరస్సుకి అవతలి ఒడ్డే కనపడదు. ఎక్కడని కొడతారు?

బిళ్ళలు రావడమైతే వస్తున్నాయట. మెర్క్ అనే జర్మన్ కంపెనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ద్వారా ఏటా కోట్ల బిళ్ళలు ఉచితంగా ఇస్తోంది. ఎక్కువగా బడి పిల్లల దాకానే వచ్చేవి. 2022లో ఆ సంస్థ మాట మార్చింది: ఊళ్ళో నూటికి పదిమందికి జబ్బుంటే రెండేళ్ళు దాటిన అందరికీ ఇవ్వండి అని. బడికి వెళ్ళని పసివాళ్ళ కోసం నీళ్ళలో కరిగే చిన్న బిళ్ళ కూడా తయారైంది. రేవులో తల్లులు పసివాళ్ళని ఆ నీళ్ళతోనే కడుగుతుంటే రోజూ చూసేవాణ్ణి.

అయినా బిళ్ళ ఇస్తే అందరూ మింగరు. తల తిరుగుతుందని జాలర్లు జేబులో వేసుకుని పోతారని ఆవిడ విసుక్కుంది. నేను మాట్లాడలేదు. మా ఊళ్ళో ఏటా బోదకాలు బిళ్ళలు ఇంటికి తెచ్చి ఇచ్చేవారు. ఇస్తూ "ఇప్పుడే మింగండమ్మా" అనేవారు. మామ్మ కాలు కళ్ళ ముందే ఉన్నా, అన్నం తిన్నాక వేసుకుంటామని చెప్పి టీవీ మీద పెట్టేవాళ్ళం. దీపావళికి ఇల్లు దులిపినప్పుడు అమ్మ వాటిని చెత్తలో పారేసేది.

కంపెనీని పోరితే నాకు పొడవు రబ్బరు బూట్లు కొనిచ్చారు. మేత వేసే కుర్రాళ్ళకి కొనలేదు. కొన్నా ప్రయోజనం లేదు. వల చిక్కుపడితే మునిగి విప్పాల్సింది వాళ్ళే, బూట్లేసుకుని మునగలేరు.

నన్ను క్లినిక్‌కి మోసుకెళ్ళిన కుర్రాడికి కూడా ఆ రోజే పరీక్ష చేశారు. నాకంటే ఎక్కువ గుడ్లు. నాతో పాటే మందు మింగాడు, రెండోసారీ మింగాడు, గుడ్లు పోయాయి. ఎనిమిది నెలల తర్వాత ఇద్దరం మళ్ళీ వెళ్ళాం. నాకు సున్నా. అతనికి పద్నాలుగు. ఆవిడ రిజిస్టర్లో రాసుకుని బిళ్ళలు లెక్కపెట్టి ఇచ్చింది. అతను రేవులో చపాతీ, టీ తెచ్చుకుని తిన్నాడు, మింగాడు, కాసేపు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం మేతకి టైమవుతోందని నేననకముందే తనే లేచి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని పడవ నెట్టడానికి నీళ్ళలో దిగాడు.